చైనీస్ మొదటి ఏడాది: ఇంగ్లీషు అక్షరాల మోసం, తెలుగు చేసిన సాయం

చేరే ముందు ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న: "ఆ బొమ్మలన్నీ ఎలా గుర్తుపెట్టుకుంటావ్?" నాకూ అదే భయం. రెండు సెమిస్టర్లు గడిచాక జవాబు పత్రాలన్నీ ముందేసుకుని లెక్క చూశాను. బొమ్మల దగ్గర పోయిన మార్కులు తక్కువే. ఎక్కువ పోయింది పిన్యిన్ దగ్గర. చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి అది, 1958లో అధికారికంగా వచ్చింది. అక్షరాలు తెలిసినవే కదా అని ఇంగ్లీషులా చదివేస్తాం. ఏడాదంతా ఆ అలవాటును వదిలించుకోవడమే సరిపోతుంది.

ముందు గంటల లెక్క. ఒక్కో సెమిస్టర్ 16 వారాలు, వారానికి 8 గంటల క్లాసు: ప్రధాన పాఠం 4, వినడం 2, మాట్లాడడం 1, లిపి 1. అంటే ఏడాదికి 256 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ చైనీస్‌కి పెట్టుకున్న లెక్క 88 వారాలు, 2200 క్లాసు గంటలు. ఆ లెక్కన ఏడాదిలో నడిచేది ఎనిమిది తొమ్మిది వంతుల్లో ఒక వంతు. ఈ సంగతి మొదటి రోజే తెలిస్తే ఐదో వారంలో "ఇంకా ఏమీ రావట్లేదేంటి" అన్న దిగులు ఉండేది కాదు. క్లాసు గంటకి ఇంట్లో గంటన్నర పెట్టాల్సి వచ్చింది. అదీ ఒకే బిగిన పనికిరాదు. రోజూ పొద్దున అరగంట, రాత్రి గంట అన్నట్టు విడగొడితేనే తలకెక్కింది. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని రాసినవి మంగళవారానికల్లా ఎగిరిపోయేవి.

ఖర్చు విషయంలో ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. పాఠ్యపుస్తకం, అభ్యాస పుస్తకం, అక్షరాలు రాసే పుస్తకం మూడూ విడివిడిగా అమ్ముతారు, మూడూ కావాలి. గళ్ళ నోటు పుస్తకాలు మాత్రం కొనక్కర్లేదు. చదరాన్ని అడ్డంగా, నిలువుగా గీత గీసి నాలుగు భాగాలు చేసిన గళ్ళు అవి. చైనీస్‌లో పొలం అనే అక్షరం అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని పొలం గడి అంటారు. ఒక పేజీ తయారు చేసుకుని ప్రింట్లు తీసుకుంటే చాలు. సెంటీమీటరున్నర గడి బాగా కుదిరింది. అంతకన్నా చిన్నదైతే 12 గీతల అక్షరాలు ముద్దైపోతాయి.

మొదటి వారంలో అందరికీ చైనీస్ పేరు పెడతారు. ఇంటిపేరు ముందు, ఒక అక్షరం. అసలు పేరు తర్వాత, ఒకటో రెండో అక్షరాలు. సరదాగా మొదలయ్యే ఈ పనిలో రెండు చిక్కులున్నాయి. ఆ పేరు ఏడాది పొడుగునా ప్రతి పరీక్ష పేపరు మీదా, ప్రతి హోంవర్కు మీదా చేత్తో రాయాలి. ఇంటిపేర్లలో తింగ్1 అన్నది రెండే గీతలు, తాయ్4 అన్నది 17 గీతలు. వినడానికి బాగుందని తాయ్4 తీసుకున్నవాళ్ళు నాలుగో వారానికి వగచారు. రెండో చిక్కు టోన్లది. టోన్ అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, అవి మారితే అర్థమే మారిపోతుంది. మొత్తం నాలుగు, వాటిలో మూడో టోన్ అక్షరాలు వరసగా వచ్చే పేరు తీసుకోకూడదు. నేను అదే తీసుకున్నాను. పక్కపక్కన పడ్డప్పుడు టోన్లు మారిపోతాయని అప్పటికి తెలియదు. (అక్షరం పక్కన అంకె వేస్తే అది టోన్ నంబరు. ఇకమీదట ఇలాగే రాస్తాను.)

ఒకటో వారం నుంచి నాలుగో వారం దాకా అక్షరాల ఊసు పెద్దగా ఉండదు, అంతా పిన్యినే. అందరూ తేలిగ్గా తీసుకునే నెల అదే. పిన్యిన్‌లో 'బి' అని రాసి ఉంటే అది తెలుగు బ కాదు, ప. 'పి' అని ఉంటే ఫ, అంటే ప పలుకుతూ గాలి వదలడం. పళ్ళు పెదవికి తగిలే ఇంగ్లీషు 'ఎఫ్' శబ్దం కాదు, దానికి వేరే అక్షరం ఉంది. అలాగే 'డి' అంటే త, 'టి' అంటే థ, 'జి' అంటే క, 'కె' అంటే ఖ. గొంతు మోగే బ, ద, గ శబ్దాలు ఈ భాషలో మాట మొదట్లో లేనే లేవు. తేడా అంతా గాలి వదలడంలోనే. మనం బీజింగ్ అని రాసే ఊరిపేరు నిజానికి పెయ్3చింగ్1. పత్రికల్లో జిన్‌పింగ్ అని కనిపించేది చిన్4ఫింగ్2.

ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళకి ఈ ప-ఫ, త-థ, క-ఖ తేడా చెవికి ఎక్కడానికి నెలలు పడుతుంది. మనకి వర్ణమాలలోనే ఉంది. కానీ ఉన్నంత మాత్రాన నోరు తిరగదు. ఫలం అన్నప్పుడు ఇంగ్లీషు 'ఎఫ్'లా పలికేస్తాం, ఖర్చు అన్నప్పుడు క అనేస్తాం. ఒత్తు అక్షరం రాతలో ఉంటుంది, ఊపిరిలో ఉండదు. దీనికి మా ల్యాబ్‌లో చేయించిన పరీక్ష పాతదే: పల్చటి కాగితం ముక్క నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోవడం. ప అన్నప్పుడు అది కదలకూడదు, ఫ అన్నప్పుడు ఎగరాలి. రోజుకి పది నిమిషాల చొప్పున రెండు వారాలు పట్టింది.

తర్వాతి మెలిక చ కుటుంబం. పిన్యిన్‌లో 'జెడ్', 'జెడ్ హెచ్', 'జె' అని మూడు వేర్వేరు శబ్దాలున్నాయి. వాటికి గాలి జోడించిన జంటలు 'సి', 'సి హెచ్', 'క్యూ'. పుస్తకం ఇచ్చిన ఇంగ్లీషు ఉదాహరణలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. తెలుగు మాటలతో పోల్చుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయింది. చాప, చాలు అన్నప్పుడు వచ్చే చ 'జెడ్'. చీమ, చిలక అన్నప్పుడు వచ్చే చ 'జె'. ఒకే అక్షరంతో రాస్తున్నా మనం రోజూ పలికే చ-లు రెండు. మూడోదానికి నాలుకను ట పలికే చోటికి మడిచి అక్కడి నుంచి చ అనబోవాలి, అది 'జెడ్ హెచ్'. ఊష్మాలైతే ఇంకా తేలిక: 'ఎస్' అంటే స, 'ఎస్ హెచ్' అంటే భాషలో ష, 'ఎక్స్' అంటే శివలో శ. మాటల్లో శ-ష తేడా పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం దాన్ని మళ్ళీ నేర్చుకోవాలి. 'ఎక్స్'కి నాలుక కొన కింది పళ్ళ వెనక ఉంటే చాలు, తప్పు రాదు. 'ఆర్' అక్షరం మన ర కాదు. నాలుకను ష దగ్గరే ఉంచి గొంతు మోగించాలి.

అచ్చుల్లో మూడు ఉచ్చులున్నాయి. ఊ మీద రెండు చుక్కలు పెట్టే శబ్దం ఒకటి. ఈ అంటూనే పెదాలు ఊకి చుట్టాలి. 'జె', 'క్యూ', 'ఎక్స్', 'వై' తర్వాత వస్తే ఆ చుక్కలు రాయరు కానీ శబ్దం మాత్రం అదే. మొదటి డిక్టేషన్లో క్లాసు సగం పోగొట్టుకున్నది ఇక్కడే. కీబోర్డు మీద దాని కోసం 'వి' నొక్కాలి. ఇది పుస్తకంలో లేదు. రెండోది, స, ష, చ కుటుంబాల తర్వాత 'ఐ' అని రాసి ఉన్నా అది ఇ కాదు ('జె', 'క్యూ', 'ఎక్స్' తర్వాత మాత్రం ఇ-నే). ముందున్న హల్లునే కాస్త సాగదీసి మోగించడం. మూడోది కుదింపు రాతలు. ఆరు అంకెను 'ఎల్ ఐ యు' అని రాస్తారు, పలికేది ల్యొవ్4. మధ్యలో ఒక అచ్చు రాతలో మింగేశారు. ఇలాంటివి మూడే ఉన్నాయి, పట్టిక రాసి గోడకి అతికించుకుంటే సరి.

ఇక టోన్లు. మొదటిది ఎత్తులో నిలకడగా, రెండోది కింద నుంచి పైకి, మూడోది కిందికి దిగి లేచేది, నాలుగోది పై నుంచి కిందికి దబ్బున. ఇవి కాక తేలిగ్గా వదిలేసే తటస్థ టోన్. మా1 అంటే అమ్మ, మా2 జనుము, మా3 గుర్రం, మా4 తిట్టడం. ఈ నాలుగూ అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయి, పరీక్షలో పెద్దగా రావు. వచ్చేవి వేరు: మాయ్3 కొనడం, మాయ్4 అమ్మడం. షువెయ్4చ్యావ్4 నిద్రపోవడం, షువెయ్3చ్యావ్3 ఉడికించిన పిండి వంటకం.

మూడో టోన్ గురించి పుస్తకాలు గీసే బొమ్మ దాదాపు అబద్ధమే. దిగి మళ్ళీ లేచే వంపు మాట ఒంటరిగా ఉన్నప్పుడో, వాక్యం చివరో మాత్రమే పూర్తిగా వినిపిస్తుంది. మధ్యలో అది కింద నేలకి ఆనుకుని ఉండే శబ్దం, అంతే. లేవదు. నేను ఎనిమిది వారాలు ప్రతిసారీ లేపాను, అది రెండో టోన్‌లా వినబడి అర్థం మారిపోయేది. రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్ అవుతుంది. నీ3 హావ్3 అని రాసి ఉన్నా పలికేది నీ2 హావ్3. కాదు అనే పు4 తర్వాత నాలుగో టోన్ వస్తే పు2 అవుతుంది. ఒకటి అనే యి1 కూడా పక్కదాన్ని బట్టి రెండో నాలుగో టోన్‌కి మారుతుంది. రాతలో పాత గుర్తే ఉంచడం ప్రామాణిక పద్ధతి, కొన్ని పుస్తకాలు మారిన గుర్తు వేస్తాయి. డిక్టేషన్లో ఏది రాయాలో రెండో వారంలోనే లెక్చరర్‌ని అడిగి ఖాయం చేసుకోవాలి. అడగనందుకు నాకు మొదటి ఇంటర్నల్లో మూడు మార్కులు పోయాయి.

తెలుగు చెవికి ప్రత్యేకంగా వచ్చే జబ్బులు రెండు. ఒకటి, టోన్‌ని హ్రస్వ దీర్ఘాలుగా వినడం. మూడోది కాస్త సాగుతుంది కాబట్టి దీర్ఘం అనిపిస్తుంది, నాలుగోది పొట్టిగా తెగుతుంది కాబట్టి హ్రస్వం అనిపిస్తుంది. నోట్సులో తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకుంటే ఈ జబ్బు ముదురుతుంది. హల్లుల కోసం మొదటి రెండు వారాలు తెలుగులో రాసుకోవడం మంచిదే, ఆ తర్వాత ఆపేయాలి. రెండోది, ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివర గొంతు లేపడం. వస్తావా అన్నట్టు లేపితే చివరి మాట టోన్ చెడుతుంది. ప్రశ్న అని చెప్పే పని చివర్లో వచ్చే 'మా' అనే తటస్థ అక్షరానిది. మన ఆ-కారం చేసే పనే అది చేస్తుంది. గొంతుతో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

విడి అక్షరాల టోన్లు ఎన్ని వల్లించినా మాటల్లోకి రాలేదు. పని చేసింది జంటలు. నాలుగు టోన్లు మొదటి స్థానంలో, తటస్థంతో కలిపి ఐదు రెండో స్థానంలో వేస్తే 20 జంటలు. మూడు-మూడు కూడా రెండు-మూడులాగే వినిపిస్తుంది కాబట్టి చెవికి 19. ఒక్కో జంటకి బాగా తెలిసిన మాట ఒకటి పెట్టుకుని, కొత్త మాట రాగానే అది ఎవరి జంటో చూసి వాళ్ళ పక్కన కూర్చోబెట్టడం. ఫోన్‌లో రికార్డు చేసి ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే గొంతు ఎత్తుపల్లాలు గీతలా కనిపిస్తాయి. నా నాలుగో టోన్ సగం దూరమే దిగుతోందని చెవితో కాక కంటితో తెలిసింది.

నాలుగో వారం నుంచి అక్షరాల వర్షం. వారానికి 25 కొత్తవి, ప్రతి సోమవారం 20 మాటల డిక్టేషన్. గీతల వరస ముందు చాదస్తంలా అనిపిస్తుంది: అడ్డగీత తర్వాత నిలువుగీత, పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, చుట్టూ గోడ ఉంటే లోపలివి రాశాకే అడుగు గీతతో మూయడం. దేశం అనే అక్షరం అలాంటిదే: మూడు వైపులా గోడ, లోపల పచ్చరాయి గుర్తు, ఆఖర్న అడుగు. దీని వల్ల ప్రయోజనం రెండు నెలల తర్వాత తెలుస్తుంది. అక్షరం కంటికి గుర్తు రాకపోయినా చేతికి గుర్తొస్తుంది. ఫోన్‌లో వేలితో రాసి ప్లెకో నిఘంటువులో వెతికేటప్పుడు వరస సరిగ్గా ఉంటే గజిబిజి రాతనైనా పట్టేస్తుంది.

అక్షరాలను కట్టే మూల గుర్తులు, రాడికల్ అనే భాగాలు, సంప్రదాయ లెక్కలో 214. అన్నీ బట్టీ పట్టబోయి ఒక వారం వృథా చేసుకున్నాను. మొదటి ఏడాదికి ఓ నలభై చాలు: నీరు, చెయ్యి, నోరు, మాట, మనిషి, ఆడమనిషి, చెట్టు, మనసు, ఎండ, కన్ను లాంటివి. అసలు కీలకం రెండో సగంలో ఉంటుంది. ఎక్కువ అక్షరాల్లో ఒక పక్క అర్థం, ఇంకో పక్క శబ్దం. ఆడమనిషి పక్కన గుర్రం పెడితే అమ్మ. గుర్రానికి అర్థంతో సంబంధం లేదు, మా అనే శబ్దం కోసం వచ్చింది. ఛింగ్1 అనే అక్షరం ఒకటి తీసుకుంటే, దాని పక్కన మాట పెడితే దయచేసి అనే ఛింగ్3, నీరు పెడితే తేటగా అనే ఛింగ్1, మనసు పెడితే భావం అనే ఛింగ్2, సూర్యుణ్ణి పెడితే మబ్బు లేని ఎండ అనే ఛింగ్2. ఈ కిటుకు మాకు పదో వారంలో చెప్పారు. నాలుగో వారంలోనే చెప్పాల్సింది.

కవలల బాధ వేరే ఉంది. నేను అనే వో3, వెతకడం అనే అక్షరం రెండూ ఏడేసి గీతలే. అడ్డగీత మధ్యలో తెగకుండా సాగితే నేను, తెగితే వెతకడం. మన్ను అనే అక్షరంలో కింది అడ్డగీత పొడుగు, పై గీత పొడుగైతే అది పండితుడు. కొనడానికీ అమ్మడానికీ టోన్ ఒక్కటే తేడా అన్నాను కదా, రాతలోనూ అంతే: కొనడం నెత్తిన పది అనే గుర్తు పెడితే అమ్మడం. కవలల్ని విడివిడిగా నేర్చుకుంటే కలిసిపోతాయి. పక్కపక్కన ఒకే పేజీలో రాసి, తేడా ఉన్న గీతను ఎర్ర పెన్నుతో దిద్దాను. ఆ తర్వాత తప్పలేదు.

ఒక్కో అక్షరం ఇరవైసార్లు రాయమంటారు. పదోసారికల్లా చెయ్యి రాస్తుంటుంది, బుర్ర ఎక్కడో ఉంటుంది. చూసి మూడుసార్లు, మూసి రెండుసార్లు, మర్నాడు చూడకుండా ఒకసారి, నాలుగు రోజుల తర్వాత ఒకసారి. మొత్తం ఏడు. డిక్టేషన్ మార్కులు 20కి 11 దగ్గర నుంచి 17కి పెరిగాయి. ఫ్లాష్ కార్డుల కోసం ఆంకి అనే యాప్ పెట్టుకుని ఉత్సాహంగా రోజుకి 20 కొత్త కార్డులు వేసుకున్నాను. మూడో వారానికి రోజూ తిరగేయాల్సినవి 180 దాటాయి, రెండు రోజులు మానేస్తే 400 అయ్యాయి. అన్నీ చెరిపి రోజుకి 8తో మళ్ళీ మొదలుపెట్టాను. ఏడాది చివరిదాకా అదే లెక్క.

ఏడో వారం అందరికీ గడ్డుకాలం. మా క్లాసులో 30 మందితో మొదలై 19 మంది మిగిలింది అప్పుడే. పిన్యిన్ తేలిక పాఠాలు అయిపోతాయి, వాక్యాలు ఇంకా పసిపిల్లల మాటల్లాగే ఉంటాయి, అక్షరాలు మాత్రం ఆగవు. ఒక్క చుక్క మర్చిపోతే మార్కు సున్నా. టోన్ గుర్తు తప్పు అచ్చు మీద పెడితే అర మార్కు. (ఇంగ్లీషు 'ఏ' గానీ 'ఈ' గానీ ఉంటే దాని మీదే, 'ఓ యు' కలిసి వస్తే 'ఓ' మీద, మిగతా చోట్ల చివరి అచ్చు మీద.) ఆ వారం పుస్తకం తెరవాలంటేనే కడుపులో దేవినట్టుండేది. మానేసినవాళ్ళకి తెలివి తక్కువై కాదు. వెనకబడ్డ రెండు వారాల అక్షరాలు 50 అవుతాయి, వాటితో కొత్తవి 25 కలుస్తాయి, ఆ లెక్క ఇక తేలదు. వెనకబడితే పాతవాటిని పక్కన పెట్టి ఈ వారం డిక్టేషన్ మాత్రమే చదవాలి. పాతవి పాఠాల్లో ఎలాగూ మళ్ళీ వస్తాయి.

వ్యాకరణం మొదలయ్యాక ఊపిరాడింది. పుస్తకాలు ఇంగ్లీషు ద్వారా చెబుతాయి కాబట్టి లేని కష్టాలు కనిపిస్తాయి. నేను కొన్న పుస్తకం అనే మాటని వో3 మాయ్3 త షు1 అంటారు: నేను, కొన్న, పుస్తకం, అదే వరస. ఇంగ్లీషులో తలకిందులయ్యే ఈ నిర్మాణానికి పుస్తకం మూడు పేజీలు కేటాయించింది, నేను ఒక్క వాక్యం చదివి పేజీ తిప్పేశాను. లైబ్రరీలో చదువుతాను అన్నట్టే చోటు ముందు, క్రియ తర్వాత. కలుపుకుని చెప్పే త్సాన్2మన్ మనం, వో3మన్ మేము. వో3మన్‌ని మనంగా కూడా వాడతారనుకోండి. చుట్టరికాల పాఠం అందరికీ చుక్కలు చూపించింది, నాకు సెలవు రోజులా గడిచింది: క1క అన్న, తి4తి తమ్ముడు, పో2పో పెదనాన్న, షు1షు చిన్నాన్న, కు1కు మేనత్త, చ్యొవ్4చ్యొవ్ మేనమామ. పొరపాటు పడేది ఒక్కచోటే. మనకి పిన్ని పిల్లలు అన్నదమ్ముల వరస. వాళ్ళకి నాన్న అన్నదమ్ముల పిల్లలే థాంగ్2, పిన్ని పిల్లలు మేనమామ పిల్లలతో కలిసి ప్యావ్3 కిందికి వెళ్తారు.

తెలుగు దెబ్బకొట్టే చోట్లూ ఉన్నాయి. అతను పొడుగు అని మనం క్రియ లేకుండా అనేస్తాం. చైనీస్‌లోనూ 'అయి ఉండు' పెట్టకూడదు, కానీ మధ్యలో హన్3 ఉండాలి. చాలా అనే అర్థం దాదాపు లేకుండానే అది అక్కడ కూర్చుంటుంది. అది లేకపోతే ఇంకెవరితోనో పోల్చబోతున్నట్టు వాక్యం వేలాడుతుంది. కర్మ క్రియ తర్వాత రావాలన్నది నోటికి అలవాటయ్యేసరికి సెమిస్టర్ గడిచింది.

మధ్యలో ఐదు వారాల సెలవు. ఏమీ ముట్టుకోలేదు. తిరిగి వచ్చాక చూసుకుంటే చూడకుండా రాయగలిగిన 190 అక్షరాల్లో 120 మిగిలాయి. చదవడం మాత్రం పెద్దగా పోలేదు.

రెండో సెమిస్టర్‌లో ల అనే చిన్న అక్షరం ఐదు వారాలు తినేసింది. భూతకాలం గుర్తు అనుకుంటే ప్రతి వాక్యం తప్పే. నిన్న చలిగా ఉంది అన్నదానికి అది రాదు, ఎందుకంటే అది స్థితి. తిన్నాక వెళ్తాను అన్నదానికి వస్తుంది, అక్కడ జరిగింది ఇంకా ఏమీ లేదు. పని పూర్తవడమే దాని అర్థం, తినేసి అన్నప్పుడు మన 'ఏసి' లాంటిది. చేయలేదు అని మెయ్2 పెట్టగానే పూర్తి చేసిన పని చెప్పే ఆ ల ఎగిరిపోవాలి. మెయ్2 పెట్టి ల కూడా ఉంచడం మా క్లాసు ఉమ్మడి తప్పు.

భయపెట్టిన పా3 వాక్యాలు తీరా మన ని ప్రత్యయమే. పుస్తకం కొన్నాను అంటే మామూలు వరస. పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను అంటే పా3 పెట్టి పుస్తకం క్రియకి ముందుకొస్తుంది. ఏదో ఒక పుస్తకం కాదు, ఇద్దరికీ తెలిసిన ఆ పుస్తకం అయి ఉండాలి. క్రియ ఒంటరిగా ఉండకూడదు, ఎక్కడికి చేరిందో, ఏమైందో వెనకాల చెప్పాలి. మన ని వెనక తగులుతుంది, వాళ్ళది ముందు నడుస్తుంది, అంతే తేడా.

లెక్క మాటలు, అంటే అంకెకీ వస్తువుకీ మధ్య పెట్టాల్సిన మాటలు, కూడా పూర్తిగా కొత్తేం కాదు. ముగ్గురు మనుషులు, మూడు పుస్తకాలు అనేవాళ్ళం, పుస్తకానికి పన్3, బల్లకీ టికెట్టుకీ చాంగ్1 (నాలుక మడిచే చ), నదికీ చేపకీ ప్యాంటుకీ థ్యావ్2 అంటే ఒప్పుకోవడానికి ఏముంది? కత్తి, గొడుగు, కుర్చీ ఒకే గుంపు, పిడి పట్టుకునేవి అన్న లెక్కన. తెలియనప్పుడు క4 అనేస్తే అర్థమవుతుంది, పరీక్షలో మార్కు రాదు. పెద్ద సంఖ్యలకి మాత్రం కాగితం కావాలి. పదివేలు అనే వాన్4 వాళ్ళ మెట్టు: లక్ష అంటే పది వాన్4, కోటి అంటే వెయ్యి వాన్4, పది కోట్లయితే యి4.

వినికిడి క్లాసులో అంకెలే ముంచాయి. నాలుగు సి4, పది షి2, దాంతో 14కీ 40కీ తేడా వరసలోనూ టోన్‌లోనూ మాత్రమే. దక్షిణ చైనా గొంతుల్లో ష కూడా స అయిపోయి ఆధారం టోన్ ఒక్కటే మిగులుతుంది. ఫోన్ నంబర్లు చదివేటప్పుడు ఒకటిని యి1 అనకుండా యావ్1 అంటారు, ఏడుతో కలిసిపోకుండా. ఇది తెలియక మొదటి టెస్టులో ఆ అంకె వచ్చిన ప్రతిచోటా ఖాళీ వదిలాను.

హెచ్ఎస్‌కె అంటే చైనీస్ మాతృభాష కానివాళ్ళకి ఆ భాష ఎంత వచ్చో కొలిచే పరీక్ష. యూనివర్సిటీ పరీక్షకి సంబంధం లేనిది, కానీ రెండో సెమిస్టర్ చివర రాస్తే చదివింది కూడుతుంది. నేను రాసింది 2010 నుంచి ఉన్న ఆరు స్థాయిల పద్ధతిలో రెండోది: 300 పదాలు, 60 ప్రశ్నలు, 200కి 120 వస్తే పాస్. 2021లో వెలువడిన ప్రమాణంలో 9 స్థాయిలున్నాయి, అందులో మొదటి స్థాయికే 500 పదాలు. పుస్తకం కొనే ముందు అది ఏ లెక్కదో చూడాలి. పేపరు పరీక్షకి దాదాపు నెల ముందే నమోదు ముగుస్తుంది. పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే, చైనీస్ పేరు కాదు. ఫలితానికి ఇంకో నెల. ఆ స్థాయిలో ప్రతి ప్రశ్నా రెండుసార్లు వినిపిస్తారు కాబట్టి మొదటిసారి రాయకుండా వినడం మంచిది. అక్షరాల పైన పిన్యిన్ అచ్చువేసి ఉంటుంది. అది వరం అనుకున్నాను. కళ్ళు దాన్నే పట్టుకుని అక్షరాన్ని వదిలేసి, చదవడం రెండింతలు నెమ్మదించింది. సగం పేపరు తర్వాత స్కేలుతో పిన్యిన్ వరస కప్పేశాను. చదవడంలో 93, వినడంలో 71.

మూడో స్థాయిలో పిన్యిన్ ఉండదు, రాయడం కూడా ఉంటుంది. ఇప్పుడు చూసి చదవగలిగినవి 450 దాకా ఉన్నాయి, చూడకుండా రాయగలిగినవి 280. ఫోన్‌లో పిన్యిన్ కొట్టి అక్షరం ఎంచుకోవడం మొదలయ్యాక ఈ దూరం పెరుగుతూనే ఉంది. అందుకని హోంవర్కు అంతా మళ్ళీ చేతిరాతకి మార్చాను. మొన్న వైవాలో వాక్యాలన్నీ బాగానే నడిచాయి. చివర్లో ఎగ్జామినర్ నా చైనీస్ పేరు మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు. అందులోని మూడో టోన్ ఇంకా పైకి లేస్తోందట. సోమవారం నుంచి మళ్ళీ ఆ 20 జంటలు.